గోదావరి ఉక్కలో గోళ్ళ రంగు: ఇంట్లో వేసుకునే నెయిల్ ఆర్ట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వీడియోలో పది నిమిషాల్లో ఆరిపోయిన రంగు అమలాపురంలోనో నరసాపురంలోనో గంటైనా వేలు తగిలితే చాలు, ముద్ర పడుతుంది. మీ చెయ్యి తిరగకపోవడం వల్ల కాదు. పొడిగాలి ఉన్న ఊళ్ళో, ఏసీ గదిలో తీసిన వీడియో అది. మనకేమో చుట్టూ కాలవలు, చెరువులు, వరిచేలు, పక్కనే సముద్రం. అందుకే ఇక్కడి జవాబుల్లో పలచని పూత, ఆరే సమయం అనే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి.

మొదలుపెట్టడానికి ఏమేం కొనాలండీ?

బేస్ కోట్ (రంగు కింద వేసే పూత) ఒకటి, టాప్ కోట్ (అన్నిటికన్నా పైన వేసే పూత) ఒకటి, తెలుపు, నలుపు, మీకు నచ్చిన రంగులు రెండు. ఆరు సీసాలతో ఇక్కడ చెప్పిన డిజైన్లు చాలావరకు వేసెయ్యొచ్చు. సీసాలు చిన్నవే తీసుకోండి, 6 నుంచి 9 మి.లీ. చాలు. మూత తీసినప్పుడల్లా లోపలి ద్రావకం కొంత ఆవిరవుతుంది కాబట్టి పెద్ద సీసా సగానికి రాకముందే తీగ సాగుతుంది. ఇరవై నాలుగు రంగుల సెట్టు చూసి ఆశపడకండి. అందులో సగం నీళ్ళలా ఉంటాయి, మిగతా సగం మీరు ఎప్పటికీ వేసుకోరు.

ఇవి కాక రిమూవర్, దూది, కాటన్ బడ్స్, గోళ్ళు అరగదీసే ఫైలు (గరుకుదనం 180 లేదా 240 గ్రిట్) కావాలి. డిజైన్ పనిముట్లు ఇంట్లోనే ఉంటాయి: సిరా అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్, జడకు పెట్టుకునే స్లైడు, గుండుసూది, టూత్‌పిక్‌లు, మేకప్ స్పాంజి ముక్క. డబ్బు పెట్టదగ్గవి రెండే రెండు. స్టేషనరీ షాపులో దొరికే అతి సన్నని పెయింటింగ్ బ్రష్షు, తెల్ల యాక్రిలిక్ పెయింటు ట్యూబు. ఈ పెయింటు ఎందుకో ముగ్గుల దగ్గర చెబుతాం.

రంగు ఆరాక మీద తెల్లగా, పొగమంచు పట్టినట్టు అవుతోంది. సీసా పాడైందా?

సీసా బాగానే ఉంది. ఇది మన ప్రాంతంలో, ముఖ్యంగా ముసురు రోజుల్లో, అందరికీ ఎదురయ్యేదే. నెయిల్ పాలిష్‌లో పొర కట్టేది నైట్రోసెల్యులోజ్. దాన్ని కరిగించి ఉంచేవి ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాలు. పూత వెయ్యగానే ఇవి గబగబా ఆవిరవుతాయి, ఆవిరవుతూ ఆ పూతను చల్లబరుస్తాయి. చల్లని గ్లాసు బయట నీళ్ళు పట్టినట్టే, గాలిలో చెమ్మ ఎక్కువున్నప్పుడు ఆ చల్లబడిన పూత మీద కంటికి కనబడని తడి చేరుతుంది. తడి తగిలిన చోట నైట్రోసెల్యులోజ్ తెల్లగా విరిగిపోతుంది. ఎరుపు, నలుపు, ముదురు నీలం మీద బాగా కనబడుతుంది. లేత రంగుల మీద ఉన్నా తెలియదు.

ఫ్యాన్ కింద కూర్చుంటే త్వరగా ఆరుతుందనుకుంటారు. చెమ్మగాలిలో అదే కొంప ముంచుతుంది. గాలి తగిలేకొద్దీ ద్రావకం ఇంకా వేగంగా ఎగిరి, పూత ఇంకా చల్లబడుతుంది. ఫ్యాన్ ఆపేసి కూర్చోండి. పూతలు పలచగా వెయ్యండి. పొద్దున్నే మంచు వదలకముందు, వాన వెలిసిన వెంటనే, సాయంత్రం కాలవ గట్టు వైపు అరుగు మీద కూర్చుని వేసుకోవద్దు. ఎండ కాసిన రోజున 11 గంటల నుంచి 3 గంటల మధ్య గాలి కాస్త పొడిగా ఉంటుంది, అదీ అదను. ఏసీ ఉంటే గది చల్లబడి తేమ తగ్గేదాకా అరగంట ఆగి మొదలుపెట్టండి. ఒకసారి తెల్లబడ్డ గోరును రిమూవర్‌తో తుడవక్కర్లేదు. పూర్తిగా ఆరాక, పొడి గదిలో మెరిసే టాప్ కోట్ ఒకటి వేస్తే తెలుపు చాలావరకు కరిగిపోతుంది.

తడి పూతను ఆవిరి మీద పెట్టి కావాలనే మెరుపు తగ్గించే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. జరిగేది ఇదే పని. మనకు దానికోసం ప్రత్యేకంగా నీళ్ళు మరిగించాల్సిన అవసరం లేదు.

మామూలు రంగు వెయ్యడానికే ఒక పద్ధతి ఉందా?

ఉంది. డిజైన్ నిలవడం కింద పూతను బట్టే ఉంటుంది.

స్నానం చేసిన వెంటనే, అంట్లు తోమిన వెంటనే వెయ్యకూడదు. గోరు నీళ్ళు పీల్చి కాస్త ఉబ్బుతుంది, తర్వాత ఆరి మళ్ళీ బిగుస్తుంది. ఆ సాగుడుకు పూత అంచుల్లో లేస్తుంది. కనీసం అరగంట ఆగండి. గోళ్ళను ఒకే దిక్కుకు అరగదియ్యండి, రంపంలా ముందుకూ వెనక్కూ లాగితే చివర పొరలు విడతాయి. రిమూవర్ తడిపిన దూదితో ప్రతి గోరునూ ఒకసారి తుడవండి. చూడ్డానికి శుభ్రంగా ఉన్నా కొబ్బరినూనె జిడ్డు ఉంటుంది. పొద్దున తలకు నూనె రాసిన చేతుల మీద ఈ ఒక్క తుడుపు మానేస్తే మర్నాటికే రంగు పెచ్చుగా లేస్తుంది.

బేస్ కోట్ వేసి రెండు నిమిషాలు ఆగండి. రంగు మొదటి పూత అడుగు కనబడేంత పలచగా, మూడు గీతల్లో వెయ్యండి: మధ్యలో ఒకటి, అటూ ఇటూ చెరొకటి. చర్మానికీ పూతకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ వదలండి. చర్మం మీదికి ఎక్కిన పూత అక్కడినుంచే ఊడడం మొదలవుతుంది. మూడు నాలుగు నిమిషాలు ఆగి రెండో పూత. ప్రతి పూతలోనూ చివర బ్రష్షును గోరు అంచు మందం మీద ఒకసారి అడ్డంగా లాగండి. అంచు కప్పని రంగు చివరినుంచి చిట్లుతుంది.

బుడగలు ఎందుకొస్తున్నాయి?

సీసాను మందు సీసాలా ఊపడం వల్ల. రెండు అరచేతుల మధ్య దొర్లించండి, ఊపకండి. మందపు పూత, ఎదురుగా ఫ్యాన్ కూడా కారణాలే. పైపొర ముందే గట్టిపడితే లోపలి ఆవిరి బయటికి రాలేక బుడగ కడుతుంది.

చుక్కల ముగ్గు గోరు మీద వస్తుందా?

చక్కగా వస్తుంది, సంక్రాంతికి ఇంతకన్నా మంచి డిజైన్ లేదు. వాకిట్లో పదిహేను చుక్కలు పెట్టే చెయ్యి ఇక్కడ మూడుతో సరిపెట్టుకోవాలి, అంతే తేడా.

ముదురు రంగు రెండు పూతలు వేసి గంటసేపు ఆరనివ్వండి. పేడనీళ్ళు కలాపి చల్లిన నేలలా ముదురు ఆకుపచ్చ, లేదా ఎర్రమట్టి రంగు బాగుంటాయి. బొటనవేలి గోరు మీద మూడు చుక్కల చొప్పున మూడు వరుసలు పడతాయి. మిగతా వేళ్ళకు 1-2-1, చిటికెన వేలికి ఒక్క చుక్క. చుక్కకు చుక్కకు మధ్య 3 మి.మీ. ఉండాలి, లేకపోతే మెలిక తిప్పడానికి చోటుండదు.

తెల్ల పాలిష్ బొట్టు ఒకటి అల్యూమినియం రేకు ముక్క మీద వెయ్యండి. రీఫిల్ మొనను అందులో ముంచి గోరు మీద నిలువుగా ఆనించి తియ్యండి. నొక్కొద్దు, ఈడ్వొద్దు. ఒక్కో చుక్కకు ఒక్కోసారి ముంచాలి. ఒకే ముంచుతో మూడు పెడితే పెద్దది, మధ్యది, చిన్నది వస్తాయి. పువ్వు రేకలకు, నెమలి కన్నుకు అది పనికొస్తుంది, ముగ్గుకు కాదు. రెండు మూడు నిమిషాల్లో రేకు మీది బొట్టు చిక్కబడి దారం సాగుతుంది. చుక్కకు తోక వస్తోందంటే అదే కారణం, కొత్త బొట్టు వేసుకోండి.

మెలికల గీతలకు మాత్రం పాలిష్ వాడకండి. సన్న బ్రష్షు మీద సగం గీతకే ఆరిపోయి తెగుతుంది. ఇక్కడే యాక్రిలిక్ పెయింటు. పాల చిక్కదనం వచ్చేలా ఒక చుక్క నీళ్ళు కలిపి, బ్రష్షు మొన మాత్రమే తడిపి, చెయ్యి బల్ల మీద ఆనించి గీయండి. బ్రష్షును కదపడం కన్నా వేలిని తిప్పడం తేలిక. గీత వంకరపోతే తడి కాటన్ బడ్‌తో తుడిచెయ్యండి, కింద పాలిష్‌కు ఏమీ కాదు. కుడిచేత్తో వేసేవాళ్ళు ఎడమచేతి డిజైన్ ఎలాగూ బాగా వేస్తారు. కుడిచేతికి ఉంగరపువేలి మీద ఒక్కటి వేసి మిగతావి సాదాగా వదిలెయ్యండి, చూసేవాళ్ళు అదే ఫ్యాషన్ అనుకుంటారు.

యాక్రిలిక్ అరగంట ఆరాక టాప్ కోట్. అందరూ డిజైన్ పాడుచేసుకునేది ఇక్కడే. బ్రష్షు నిండా టాప్ కోట్ తీసుకుని, బొట్టును గోరు మీద తేలుస్తూ జరపాలి, వెంట్రుకలు డిజైన్‌ను తాకకూడదు. ఒక చోట ఒక్కసారే. రెండోసారి వెనక్కి లాగితే తెలుపు చారలై పారుతుంది.

నరసాపురం లేసు అల్లిక డిజైన్ ఎలా?

చాలామంది లేసు ముక్కను గోరు మీద పెట్టి పైన రంగు అద్దుతారు. క్రోషా లేసు దారం మందంగా ఉండడంతో రంగు కిందికి పాకి ముద్దవుతుంది. ఆ పద్ధతికి సన్నని నెట్టు గుడ్డ బాగుంటుంది: పూర్తిగా ఆరిన గోరు మీద బిగించి పట్టి, స్పాంజికి రంగు రాసి, కాగితం మీద రెండుసార్లు అద్ది, మిగిలిన కాస్త రంగుతో గోరు మీద తట్టండి. తడిగా ఉండగానే నెట్టును నిటారుగా పైకెత్తాలి.

2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన లేసుకు తగ్గట్టు ఉండాలంటే గీయడమే మేలు. లేత గులాబీ పూత మీద గోరు అంచు వెంబడి మూడు చిన్న అర్ధచంద్రాలు తెల్ల యాక్రిలిక్‌తో గీయండి. ఒక్కో దానిలో విసనకర్ర ఈనెల్లా మూడు గీతలు, రెండు అర్ధచంద్రాలు కలిసే చోట ఒక చుక్క. పై వరుసలో మూడు సన్న చుక్కలు పెట్టి ఆపెయ్యండి. గోరంతా నింపితే లేసులా కాదు, దోమతెరలా ఉంటుంది.

గోదావరి మీద పొద్దుగూకే రంగులు, ఒకదాన్లోకి ఒకటి కలిసిపోయేలా?

కింద తెల్ల పూత తప్పనిసరి, లేకపోతే పసుపు, నారింజ వెలవెలబోతాయి. తెలుపు ఆరేలోగా గోరు చుట్టూ చర్మానికి ఫెవికాల్ పలచగా రాసి పారదర్శకంగా అయ్యేదాకా ఉంచండి. తర్వాత చర్మానికంటిన రంగంతా దానితోపాటే ఊడొస్తుంది. స్పాంజి ముక్కను తడిపి గట్టిగా పిండండి. పొడి స్పాంజి రంగునంతా తాగేస్తుంది. దాని మీద పసుపు, నారింజ, ముదురు ఎరుపు పక్కపక్కన చారలుగా, అంచులు కాస్త ఒకదానిమీదొకటి ఎక్కేలా రాసి, గోరు మీద తట్టండి. తట్టేటప్పుడు పైకీ కిందికీ ఒక మిల్లీమీటరు జరుపుతుంటేనే హద్దులు చెరుగుతాయి. మొదటిసారి మచ్చలుగా, గరుకుగా ఉంటుంది, కంగారుపడకండి. మూడు నిమిషాల తేడాతో మూడుసార్లు అద్ది, పైన టాప్ కోట్ వేస్తే నునుపు తేలుతుంది. ఆరాక నల్ల యాక్రిలిక్‌తో ఒక వంగిన కొబ్బరి మాను, ఐదు మట్టలు. ఒక్క వేలికి చాలు.

నీళ్ళ మీద రంగు తేల్చి గోరు ముంచే డిజైన్ ఎన్నిసార్లు చేసినా కుదరడం లేదు. ఎందుకు?

నూటికి తొంభై మందికి నీళ్ళ దగ్గరే పోతుంది. చల్లని నీళ్ళలో రంగు పరుచుకోకముందే గడ్డకడుతుంది. కుండనీళ్ళు, ఫ్రిజ్ నీళ్ళు, పొద్దున్నే గాబులో నీళ్ళు, ఏవీ పనికిరావు. మంచినీళ్ళ టిన్నులోంచి పట్టి గంటసేపు గదిలో ఉంచిన నీళ్ళు వాడండి. చేత్తో ముట్టుకుంటే చల్లగానూ వెచ్చగానూ అనిపించకూడదు.

పారేసే కాగితం టీ కప్పు తీసుకుని దాదాపు అంచుదాకా నింపండి. స్టీలు గ్లాసులో చేస్తే తర్వాత రంగు చారలు వదిలించుకోవడం మరో పని. ఫ్యాన్ ఆపండి. పాలిష్ కొత్తది, పలచనిది అయి ఉండాలి. మెరుపులున్నవి, ముత్యపు నిగారింపు ఉన్నవి సరిగా పరుచుకోవు. బ్రష్షును నీటికి దగ్గరగా, ఒక సెంటీమీటరు ఎత్తులో పట్టి బొట్టు దానంతటదే జారనివ్వండి. పైనుంచి పడితే మునిగిపోతుంది. మొదటి బొట్టు పరుచుకోగానే దాని నడిమధ్యలో రెండో రంగు, దాని మధ్యలో మళ్ళీ మొదటిది. ఇలా నాలుగైదు వలయాలు. అన్నీ అరనిమిషంలో అయిపోవాలి, నెమ్మదిగా చేస్తే బయటి వలయం ఎండిపోతుంది.

టూత్‌పిక్‌ను లోపలి రెండో వలయం దగ్గర ఆనించి మధ్యలోకి లాగండి. బయటి అంచు నుంచి మొదలుపెడితే ఎండిన పొర మొత్తం పుల్లకు చుట్టుకుని వచ్చేస్తుంది. డిజైన్ వచ్చాక, తెల్ల పూత ఆరిన గోరును నీటి ఉపరితలానికి సమాంతరంగా, గోరు కిందికి ఉండేలా, నచ్చిన చోట ముంచి నీళ్ళలోనే ఉంచండి. వేలు బయటికి తియ్యకముందు పైన మిగిలిన పొరను ఇంకో పుల్లతో చుట్టి తీసెయ్యాలి. ఇది మరిచిపోతే పైకి తీసేటప్పుడు రెండో పొర అంటుకుని డిజైన్ పోతుంది. ప్రతి వేలికీ కొత్తగా బొట్లు వెయ్యాల్సిందే. పది వేళ్ళకు గంటకు పైగా పడుతుంది, రంగు కూడా బాగా ఖర్చవుతుంది. మొదటిసారి రెండు వేళ్ళకు వేసి చూసుకోండి.

గీతల డిజైన్ కోసం గోరు మీద అంటించిన టేపు తీస్తుంటే కింద రంగు కూడా ఊడొస్తోంది.

కింద రంగు ఆరలేదు. ముట్టుకుంటే ఆరినట్టున్నా లోపల మెత్తగా ఉంటుంది. వానాకాలంలో రెండు గంటలైనా ఆగాలి, రాత్రి రంగు వేసి మర్నాడు టేపు వెయ్యడం ఇంకా నయం. టేపును ముందు ముంజేతి మీద రెండుసార్లు అంటించి తీస్తే జిగురు తగ్గుతుంది. పైరంగు తడిగా ఉండగానే టేపు లాగెయ్యాలి, ఆరాక లాగితే అంచు చిరుగుతుంది.

ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు గోళ్ళ మీద ఉంది. దాని మీద పాలిష్ వెయ్యొచ్చా?

వెయ్యొచ్చు. గోరింటాకు రంగు గోటిలోని కెరటిన్‌తో కలిసిపోతుంది కాబట్టి రిమూవర్‌కు పోదు. గోరు నెలకు సుమారు 3 మి.మీ. చొప్పున పెరుగుతూ ముందుకు జరిగితేనే పోతుంది. దాన్ని కప్పాలంటే ముదురు రంగు కావాలి, లేత రంగు వేస్తే కింద నుంచి మరకలా కనబడుతుంది. కప్పకుండా దాన్నే నేలరంగుగా వాడుకోవడం మాకు ఎక్కువ ఇష్టం. రంగులేని బేస్ కోట్ ఒకటి వేసి, గోరింటాకు ఎరుపు మీద తెల్ల చుక్కలు, బంగారు రంగు గీత ఒకటి, పైన టాప్ కోట్. పట్టుచీరకు వేరే నప్పించుకోనక్కర్లేదు. గోరింటాకు తీసేశాక నూనె రాసి ఉంటారు, ఒకరోజు ఆగి జిడ్డు తుడిచాకే మొదలుపెట్టండి.

చేపల పులుసు తిన్నాక తెల్ల రంగు పచ్చబడిపోయింది!

పసుపు టాప్ కోట్‌లోకి దిగుతుంది. అసిటోన్ లేని రిమూవర్‌తో తడిపి పిండిన దూదిని ఒక్కసారి, ఒక్క దిక్కుకు లాగితే పైపొరతో పాటు చాలావరకు పోతుంది. వెంటనే కొత్త టాప్ కోట్ వెయ్యండి. పసుపు మరక ఎండకు కూడా వెలుస్తుంది, రెండ్రోజులు ఓపిక పట్టినా సరే. పెళ్ళి భోజనానికి వెళ్తూ తెలుపు వేసుకోవడం మాత్రం కోరి తెచ్చుకున్న తంటా.

గట్టిపడిన సీసాలో రిమూవర్ కలిపితే?

వద్దు. రిమూవర్‌లోని అసిటోన్ ఆ పూటకు పలచబరుస్తుంది, తర్వాత పొర బలహీనమై పెచ్చులు లేస్తుంది. నెయిల్ పాలిష్ థిన్నర్ రెండు మూడు చుక్కలు వేసి అరచేతుల్లో దొర్లించండి. సీసాలను ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తియ్యగానే మూత చుట్టూ నీళ్ళు పడతాయి. ఎండ తగలని బీరువా అర చాలు. మూత పెట్టేముందు సీసా మెడను రిమూవర్‌తో తుడిస్తే గాలి చొరబడదు.

జెల్ పాలిష్ ఇంట్లో వేసుకోవచ్చా?

కొత్తవాళ్ళకు మేం వద్దనే చెబుతాం. జెల్ గాలికి ఆరదు, దానికోసం అమ్మే యూవీ లేదా ఎల్ఈడీ దీపం కింద గట్టిపడుతుంది. దీపం వాట్లు తక్కువైనా, జెల్‌కూ దీపానికీ పొంతన కుదరకపోయినా, మధ్యలో కరెంటు పోయినా పైన గట్టిగా, లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఆ పచ్చి జెల్‌లోని ఎక్రిలేట్లు చర్మానికి పదేపదే తగిలితే ఎలర్జీ రావొచ్చు, ఒకసారి వస్తే చాలావరకు జీవితాంతం ఉంటుంది. జెల్‌లో వాడే టీపీఓ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది, కొనేముందు పెట్టె మీద చూసుకోండి. ఇప్పటికే వేయించుకుని ఉంటే గోకి పీకొద్దు, గోరు పైపొర దానితోపాటే వస్తుంది. పైపొరను ఫైలుతో గరుకు చేసి, అసిటోన్ దూది, రేకు చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఉంచితే మెత్తబడి జారుతుంది. అంచు లేచిన జెల్ కింద తడి చేరి గోరు ఆకుపచ్చగా మారితే డిజైన్ల సంగతి పక్కనపెట్టి చర్మవైద్యులకు చూపించండి.

మెరుపుల పాలిష్ ఎంత రుద్దినా పోవడం లేదు.

రుద్దకండి. దూదిని రిమూవర్‌లో నానబెట్టి గోరు మీద పెట్టి, రేకు చుట్టి ఐదు నిమిషాలు ఉంచి, వేలి చివరకు ఒక్క లాగు. అసిటోన్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, దేవుడి దీపం దగ్గర, దోమల చుట్ట వెలిగించిన గదిలో సీసా మూత తియ్యకండి.

ఆపరేషన్‌కు వెళ్ళేముందు రంగు తీసెయ్యమంటారు, నిజంగా అవసరమా?

అవసరమే. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు గోటిగుండా కాంతి పంపి కొలుస్తుంది. నలుపు, నీలం, ఆకుపచ్చ లాంటి ముదురు రంగులు లెక్క తప్పించగలవు. గోరు రంగు చూసి కూడా డాక్టర్లు కొన్ని సంగతులు తెలుసుకుంటారు. రొయ్యల ప్లాంటులో, వంటపనిలో ఉన్నవాళ్ళు కూడా పనిరోజుల్లో వేసుకోవద్దు, ఊడిన పెచ్చు తిండిలో పడుతుంది.

ఇంత కష్టపడి వేసింది ఎన్నాళ్ళుంటుంది?

అంట్లు, బట్టలు చేత్తో చేసేవాళ్ళకు నాలుగైదు రోజులు. రబ్బరు తొడుగులు వేసుకుని, రెండ్రోజులకోసారి అంచు కప్పేలా పలచని టాప్ కోట్ వేస్తే వారం. మధ్యలో ఒక మూల పెచ్చు లేస్తే మొత్తం తీసెయ్యనక్కర్లేదు. లేచిన అంచును ఫైలుతో మెల్లగా అరగదీసి, ఆ గుంటలో అదే రంగు బొట్టు పెట్టి, ఆరాక గోరంతా టాప్ కోట్ వెయ్యండి. డిజైన్ ఉన్న చోట లేస్తే దాని మీద ఇంకో చుక్క పెట్టండి.